నోరు తెరవకుండా చెప్పిన జాతకం

మొన్న ఒక మనిషిని సంపేసినానప్పా. నవ్వద్దండి, నిజమే చెప్తాండా. తిట్టలేదు, కొట్టలేదు, నోరు కూడా సరిగ్గా తెరవలేదు. ఒక బక్కెట నీళ్లు నా నెత్తిన నేను పోసుకున్నా, అంతే. ఆ దెబ్బకు ఎదురుగా కూర్చున్న మనిషి సగం సచ్చిపోయినాడు. వాన్ని మళ్లా బతికించుకునేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. టీ చెప్పండి, మొదట్నుంచి చెప్తా.

నా దుకాణం సంగతి మీకు తెలిసిందే. గోరంట్ల బస్టాండు వెనక సందులో మా ఇంటి ముందర గదే నా ఆఫీసు. ఒక బల్ల, రెండు కుర్చీలు, పాత పంచాంగాలు, గోడకు నవగ్రహాల పటం. ఈ మధ్య పక్క సందులో ఒకాయప్ప కంప్యూటర్ తెచ్చి పెట్టినాడు. మీట నొక్కితే రంగురంగుల్లో జాతకం వస్తాదంట, అట్ట కూడా వేసిస్తాడంట. నేనింకా చేత్తోనే చక్రం గీస్తాండా. అయినా జనం నా దగ్గరికే వస్తారు. ఎందుకంటే నా బోర్డును చూసి.

ఆ బోర్డు పెట్టిందెందుకో చెప్పాల. కొన్నేండ్ల కిందట మన జిల్లాలోనే ఒక జ్యోతిష్యుడు, పాడుబడిన కోట గోడ కింద రాయలకాలం బంగారు ఉండాదని చెప్పి నలుగురి చేత తవ్విచ్చినాడు. బంగారు రాలేదు, పోలీసులొచ్చినారు. గడ్డపారలతో పాటు ఆయన్ని కూడా జీపెక్కించినారు. ఇంకొకాయన కామెర్లకు తాయెత్తు కట్టి కోర్టుల చుట్టూ తిరిగినాడు. ఈ రెండూ విన్నప్పట్నుంచి నాకు భయం పట్టుకున్నింది. కదిరిలో నాతో చదువుకున్న లాయరొకడుండాడు. వాని దగ్గరికి పోయి, ఈ వ్యాపారంలో నేను ఏం చెయ్యచ్చు, ఏం చెయ్యకూడదు చెప్పప్పా అని అడిగినా. వాడు నన్ను ఎగాదిగా చూసి, నీ వ్యాపారంలో చెయ్యకూడనివే ఎక్కువున్నాయి, అవే బోర్డు మీద రాసి తగిలించుకో, నీకూ నిద్ర పడుతుంది నాకూ నిద్ర పడుతుంది అన్నాడు.

అట్లే రాయిచ్చినా. రోగాలకు మందు, తాయెత్తు ఇవ్వబడవు. గుప్తనిధులు చూపబడవు. బోరు పాయింటు పెట్టబడదు. రంగురాళ్లు అమ్మబడవు. ఆయుష్షు చెప్పబడదు. పెయింటరు ఇన్ని 'బడదు'లు రాసి, సామీ మరి మీరు చేసేదేమన్నా ఉంటే అదీ రాస్తా, కింద ఖాళీ ఉండాది అన్నాడు. ఆ ఖాళీలో నా సొంత తెలివితో ఒక ముక్క రాయిచ్చినా. చెడు కనిపించిన యెడల నోట చెప్పబడదు, తాంబూలం తిరిగి ఇవ్వబడును.

లాయరు ఆ ఆఖరు ముక్క అవసరం లేదన్నాడు. నేను వినలేదు. వానిది చట్టం, నాది ధర్మం అనుకున్నా. చెడు చెప్పి మనిషిని భయపెట్టకూడదు, చెడు కనిపిస్తే వాని తాంబూలం తినకూడదు. ఇంత నీతిగా ఎవరుంటారప్పా అని నాకు నేనే మురిసిపోయినా.

కానీ జనం దాన్ని ఎట్ల పట్టుకున్నారో చూడండి. వచ్చి కూర్చున్నోళ్లు నా మొహం చూడరు, చక్రం చూడరు, నేను చెప్పేది కూడా సగమే వింటారు. తాంబూలం పళ్లెం బల్ల మీద పెట్టి నా కుడిచెయ్యి పక్కే చూస్తాంటారు. నేను పళ్లెం ముట్టినానంటే హమ్మయ్య అని ఊపిరి వదుల్తారు. ఆ ఊపిరి వింటే నాకు భలే గర్వంగా ఉంటాండె. నా చేతిలో ఏదో శక్తి ఉండాదనే అనుకుంటాంటి.

సరే, అసలు కథకొస్తా. ఓబన్న అని, ఈడికి దగ్గర్లో పల్లె, చీనీకాయల తోట ఉండే రైతు. నెమ్మదైన మనిషి, మాట తక్కువ. ఆయప్పకు గుండెలో ఏదో లోపమని తేలింది. బెంగుళూరులో పెద్దాసుపత్రిలో చూపిస్తే, ఆపరేషన్ చెయ్యాల, చెయ్యకుంటే ఎక్కువ కాలం నడవదు అన్నారంట. చానా నెలలు తిరిగినాక డేటు దొరికింది. ఆ డేటు పోతే మళ్లా ఎప్పుడిస్తారో దేవునికే ఎరుక. ఆ దినం మంచిదా కాదా చూడమని నా దగ్గరికొచ్చినాడు.

ఇట్లాంటోళ్లకు నా దగ్గర ఒకటే జవాబు. డాక్టరు ఇచ్చిన డేటే ముహూర్తం, పో నాయనా, దేవుడుండాడు. దాంట్లో మార్పు లేదు. రోగం విషయంలో నేను వేలు పెట్టను. ఆ మాట చెప్పి పంపించేసుంటే ఏ గొడవా లేదు. కానీ ఓబన్న వాళ్ల నాయన ఎప్పుడో రాయిచ్చిన జాతకం తెచ్చి బల్ల మీద పెట్టినాడు. పెద్దాయన పోయినాక కూడా దాన్ని గుడ్డలో చుట్టి దాచుకున్నాడు పాపం. చూడకుండా పంపిస్తే బాధపడతాడని విప్పినా. సిరా అంతా వెలిసిపోయింది. నా కంటద్దాలు చూస్తే అంతకు ముందు రోజే కాలి కింద పడి పగిలినాయి. కాగితం ముక్కుకు ఆనించుకుని, కండ్లు చికిలించి, మొహమంతా ముడతలు పెట్టి చూస్తాండా. ఆ ముడతలు అద్దాలు లేక వచ్చినవి. ఓబన్నకు మాత్రం శని, రాహువు కలిసొచ్చినట్టు కనపడినాయి.

అప్పుడు మా ఆవిడ లోపలి గుమ్మం దగ్గర నిలబడి, ఒక్క నిమిషం ఇట్ల రాండి అనింది. పోయినా. ఇంట్లో ఫోనొచ్చిందంట. హిందూపురంలో మా అన్న కొడుక్కు కొడుకు పుట్టినాడు. సంతోషమే కదా అని నేను పండ్లు బయటపెట్టి నవ్వేలోపల మా ఆవిడ చిన్నగా చెప్పింది. పురిటి మైల వచ్చింది, అట్లే కొళాయి దగ్గరికి పోండి, తలమీద నీళ్లు పోసుకోండి, పది దినాలు ఎవరి తాంబూలమూ ముట్టకూడదు, పంచాంగం తెరవకూడదు.

పది దినాలు! వైశాఖమాసమప్పా. పెండ్లిండ్లు, గృహప్రవేశాలు అన్నీ ఆ పది దినాల్లోనే ఉండాయి. మనవడు పుట్టిన సంతోషం ఒకపక్క, షట్టర్ దించాల్సిన ఏడుపు ఇంకోపక్క. మొహం మాడిపోయింది. కొళాయి దగ్గరికి పోయి, కట్టుకున్న పంచెతోనే, ఒక బక్కెట నీళ్లెత్తి నెత్తిన కుమ్మరించుకున్నా.

మా ఇల్లు ఎట్లుంటాదంటే, ముందర గదిలో కూర్చుంటే నడవా మీదుగా పెరటి కొళాయి దాకా సూటిగా కనపడుతుంది. ఓబన్న అంతా చూసినాడు. ఆయప్ప లెక్కలో, అయ్యవారు తన జాతకం చూసినాడు, మొహం ముడుచుకున్నాడు, లోపలికి పోయినాడు, గుడ్డలతోనే తలకు పోసుకున్నాడు. మన పక్క ఎవరన్నా గుడ్డలతోనే తలకు పోసుకునేది ఎప్పుడప్పా? చావుకబురు విన్నప్పుడే కదా!

ఇదేదీ నాకు తట్టలేదు. నీళ్లు కారతాంటే వచ్చి గుమ్మం బయటే నిలబడినా. గదిలోకి అడుగు పెట్టలేదు, బల్ల ముట్టలేదు. తాంబూలం పళ్లెం తీసుకోమని దూరం నుంచే చెయ్యి ఊపినా.

"ఇప్పుడు నేనేం చెప్పకూడదు ఓబన్నా. తాంబూలం తీసుకుని పో" అన్నా.

మైల అని నోటితో చెప్పచ్చు కదా అంటారు మీరు. నిజమే. తడిగుడ్డలతో గుమ్మం బయట దూరంగా నిలబడితే మైల అని చంటిపిల్లోనికైనా తెలుస్తాది కదా, చెప్పేదేముండాది అనుకున్నా. పైగా నా బుర్ర నిండా పెండ్లోళ్లకు ఏం సమాధానం చెప్పాల్నో అదే ఉండాది. ఓబన్న మెల్లగా లేచినాడు. జాతకం మళ్లా గుడ్డలో చుట్టుకున్నాడు. పళ్లెం చేతిలోకి తీసుకున్నాడు.

"మంచిది సామీ. మీ ధర్మం మీరు చేసినారు" అన్నాడు.

రెండు చేతులూ జోడించి దండం పెట్టి పోయినాడు. ఎంత సంస్కారమప్పా ఈయప్పది, మైల పట్టింపు కూడా ఎంత బాగా తెలుసు అనుకున్నా. షట్టర్ దించేసి, అన్నం తిని పండుకున్నా.

మర్నాడు పొద్దు వాలే ముందు ఎవరో పెరటి తలుపు దబదబ బాదినారు. తీస్తే ఓబన్న తమ్ముడు చిన్నప్ప. ఈ అన్నదమ్ముల సంగతి ఆ పల్లెల్లో అందరికీ తెలుసు. ఇద్దరి తోటలూ పక్కపక్కనే. కరువులో ఇద్దరూ బోర్లేసినారు. అన్న బోరులో నీళ్లు పడినాయి, తమ్ముని బోరులో దుమ్ము లేచింది. నీ బోరు నా నీళ్లు లాగేసిందని తమ్ముడు, నీ తలరాతకు నేనేం చేస్తానని అన్న. మధ్యలో కంచె లేచింది. అప్పట్నుంచి ఒకరి చావుకు ఒకరు పోయేది కూడా అనుమానమే అనేటట్టుండ్రి. అట్లాంటి చిన్నప్ప అన్న కోసం నా పెరట్లోకొచ్చి నిలబడినాడు.

మా అన్నకు ఏం చెప్పినారు సామీ అని అడిగినాడు. నేనేం చెప్పలేదప్పా అన్నా. అదే సామీ, ఏం చెప్పలేదంటే అర్థమేమి, మీ బోర్డు మేము చదువుకోలేదా అన్నాడు. చదువుకున్నారు నాయనా, అందరికంటే బాగా మీరే చదువుకున్నారు.

అప్పుడు వాడు మొత్తం చెప్పినాడు. ఓబన్న నా దగ్గర్నుంచి నేరుగా ఫొటో స్టూడియోకి పోయినాడంట. రేషన్ కార్డులో ఫొటో బాగలేదు, దాన్ని పెద్దది చేసి పటం కట్టిస్తే దొంగ మాదిరి కనపడతానని చెప్పి, తల దువ్వుకుని, పెద్ద సైజులో ఒకటి తీయించుకున్నాడు. ఇంటికి పోయి పెండ్లానికి ఒకటే ముక్క చెప్పినాడు, అయ్యవారు తాంబూలం తీసుకోలేదు, తలకు పోసుకున్నాడు, ఇంక బెంగుళూరికి పోయేది లేదు, పోయేవాడు ఇంట్లోనే పోతే మేలు అని. ఆస్పత్రిలో చేరాల్సింది ఎల్లుండి పొద్దున. మూట కట్టిందంతా విప్పేసినారు. తెల్లారగానే గడ్డపార తీసుకుని తోటకు పోయి, తానే పాతిన కంచె తానే పీకి, బోరు పైపు తమ్ముని తోటలోకి తిప్పినాడంట.

"నాకు నీళ్లొద్దు సామీ" అన్నాడు చిన్నప్ప. "మా అన్న కావాల."

అని వెక్కివెక్కి ఏడ్చినాడు. అప్పుడు తెలిసింది నాకు, నేను చేసిన పనేందో. ఆపరేషన్ జరిగితే బతికే మనిషి, నా బక్కెట నీళ్ల వల్ల ఆపరేషన్ మానుకుని నిజంగానే పోతాడు. పోతే, చూసినారా అయ్యవారు ఎంత కరెక్టుగా చెప్పినాడో అని ఇంకో పది ఊర్లు నా దగ్గరికొస్తాయి.

కదిరి లాయరుకు ఫోన్ కొట్టినా. ఒరే, నోరు తెరవకుండా చావు చెప్పినట్టయితే ఏం కేసు పడుతుందిరా అని అడిగినా. నెత్తిన నీళ్లు పోసుకున్నోని మీద పెట్టే సెక్షన్ ఇంకా రాలేదు, కానీ ఆ మనిషిని రేపటికల్లా బెంగుళూరు బస్సెక్కించకపోతే నా మొహం చూడద్దు అని ఫోన్ పెట్టేసినాడు. మైలలో గడప దాటి యాడికి పోతారు అని మా ఆవిడ అడ్డం రాబోయింది. సంగతి వినినాక, తొందరగా పోండి, ముందర ఆ మనిషిని లేపండి అని తనే నా చెప్పులు తెచ్చి పెట్టింది. చిన్నప్ప మోపెడ్ వెనక ఎక్కి కూర్చున్నా.

ఊరి బయట చిన్నప్ప బండాపి తోట చూపించినాడు. నేను అట్లే నిలబడిపోయినానప్పా. పీకేసిన కంచె రాళ్లు ఒక పక్కన కుప్పగా పడుండాయి. వాటి మీదుగా నల్ల పైపు ఈ పక్కకొచ్చింది. ఆకులు రాలి కట్టెలైపోయిన చీనీచెట్ల పాదుల్లో నీళ్లు నిండుతాండాయి. నెర్రెలు విచ్చిన నేల ఆ నీళ్లను తాగే చప్పుడు గట్టు మీదికి వినపడుతాండాది. అవతల ఓబన్న తోటలో చుక్క లేదు. చూడండి, ఈ జిల్లాలో మనిషి రక్తమన్నా ఇస్తాడు గానీ బోరు నీళ్లిస్తాడా? ఈ ఇద్దరికీ నేనే ఎన్నోసార్లు చెప్పి చూసినా, రామలక్ష్మణుల మాదిరి ఉండండప్పా అని. ఒక్కరూ వినలేదు. నోరు మూసుకుని ఒక బక్కెట పోసుకుంటే కంచె ఊడొచ్చింది. ఆ నీళ్ల ముందర నిలబడి, ఎవరికి పెడతాండానో తెలీకుండానే దండం పెట్టినా.

ఊర్లోకి పోయినామా, ఇంకో తమాషా. ఓబన్న ఇంటిముందర జనం. ఓబన్న నున్నగా గడ్డం గీయించుకుని, ఉతికిన పంచె కట్టుకుని అరుగుకట్ట మీద కూర్చోనుండాడు. తన కొడవలి ఒకరికి, రేడియో ఒకరికి ఇచ్చేస్తాండాడు. నేను మోపెడ్ దిగితే జనం జరిగి దోవిచ్చినారు. ఒక ముసలమ్మ నన్ను చూసి గుండెలు బాదుకుని మొదలుపెట్టింది. అయ్యవారే వచ్చినాడంటే ఇంక ఎంతసేపో లేదని ఆ యమ్మ లెక్క. ఓబన్న లేచి ఎదురొచ్చినాడు.

"ఇంత ఎండలో మీరెందుకొచ్చినారు సామీ" అన్నాడు. ఆ తర్వాత కొంచెం గొంతు తగ్గించి అడిగినాడు. "ఈ పొద్దేనా?"

బస్సు ఈ పొద్దుందా అని అడిగినట్టే అడిగినాడు. నేనైతే ఆ రకం కబురు వింటే మంచం కింద దూరుదును. ఈయప్ప గడ్డం గీసుకుని, ఫొటో తీయించుకుని, నీళ్లు తమ్మునికిచ్చి, రేడియో పంచిపెట్టి, నాకు కూర్చోను పీట వేస్తాండాడు. ఇంత గుండె ఉన్నోని గుండెకు ఆపరేషనా అనిపించింది.

పీట మీద కూర్చోకుండానే గట్టిగా చెప్పినా. అప్పా, నువ్వు సచ్చేది లేదు, నీ జాతకంలో నేను ఏ చెడూ చూడలేదు. మా అన్నకు మనవడు పుట్టినాడు, అది పురిటి మైల, అందుకే తలకు పోసుకున్నా, అందుకే తాంబూలం ముట్టలేదు. ఒకటికి రెండుసార్లు చెప్పినా. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముసలమ్మ ఏడుపాపి, ఎంత మంచి అయ్యవారో చూడండే, చెడు చెప్పకూడదని ఎన్ని అబద్ధాలాడతాండాడో అని మెటికలు విరిచింది. ఓబన్న కూడా నవ్వి, మీరు చెడు చెప్పరని ఊరంతటికీ తెలుసు కదా సామీ, నాకోసం కష్టపడద్దండి అన్నాడు.

చూసినారా నా గతి? ఇన్నేండ్లు నీతిగా బతికినందుకు నిజం చెప్తే నమ్మేవాడు లేడు. అదే నేను అబద్ధాల మనిషినై ఉంటే నా మాట అక్కడికక్కడే నమ్మిందురు.

అప్పుడు చిన్నప్పకు ఆలోచనొచ్చింది. ఊర్లో చిల్లరంగడి దగ్గర రూపాయి బిళ్లేసే ఫోనుంది, ఆ బిడ్డ ఏడుపు వినిపిస్తే సరిపోతాది అన్నాడు. జనమంతా మా వెనకే వచ్చినారు. హిందూపురానికి ఫోన్ కలిపినా. మా అన్న ఎత్తినాడు. మనవని ఏడుపు వినిపియ్ అన్నా. నీకేం పోయేకాలం, వాడు పాలు తాగి ఇప్పుడే పండుకున్నాడు, లేపితే మీ వదిన నన్ను ఇంట్లోంచి తరుముతాది అన్నాడు. ఒక్కసారి గిల్లన్నా అని బతిమాలినా. పసిబిడ్డను గిల్లమంటావా, నువ్వు మనిషివేనా అని తిట్టడం మొదలుపెట్టినాడు. ఆ తిట్లన్నా వింటాడని ఓబన్న చెవిలో రిసీవర్ పెట్టినా. అంతలో బిళ్ల అయిపోయి ఫోన్ కట్టయింది. ఎవరో పెద్దమనిషి, పాపం, అయ్యవారికి తోడు దొంగ వాళ్లన్న అని నిట్టూర్చినాడు. పుట్టినప్పట్నుంచి ఒకటే ఏడుపంట ఆ పిల్లోడు, నాకు కావాల్సిన ఆ ఒక్క నిమిషం మాత్రం నిద్రపోయినాడు.

మళ్లా ఇంటిముందరికొచ్చినాము. పొద్దు దిగిపోతాండాది. బెంగుళూరికి పోవాలంటే మర్నాడు తెల్లారే బస్సెక్కాల. అప్పటిదాకా ఓబన్న పెండ్లాం లచ్చుమమ్మ ఒక్క మాటా మాట్లాడలేదు, వాకిట్లో కూర్చుని నన్నే చూస్తాండె. లేచి లోపలికి పోయి దేవునిముందర దీపం తెచ్చి నా ముందర పెట్టింది.

"ఆయప్ప సచ్చేది లేదంటాండారు కదా సామీ" అనింది. "ఆపరేషన్ అయి నా మొగుడు నడిచి ఇంటికొస్తాడని ఈ దీపం మీద చెయ్యి పెట్టి చెప్పండి. ఇప్పుడే మూట కడతా."

ఊరంతా నా చెయ్యి పక్కే చూస్తాండాది.

ఒక్క మాటప్పా. వస్తాడు అంటే చాలు. ఆయప్ప బస్సెక్కుతాడు. నా తప్పు దిద్దుకున్నట్టయితాది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ యమ్మ కండ్లు చూసినా. ఆడ ఆస్పత్రిలో ఏమన్నా జరిగి మొగుడు రాకపోతే, ఆ యమ్మ ఈ దీపం ముందర మళ్లా ఎట్ల కూర్చుంటాది? నేను ఈ దోవన మళ్లా ఎట్ల నడుస్తా? ఆయుష్షు నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, తక్కువనీ చెప్పలేదు, ఎక్కువనీ చెప్పలేదు. లాయరుకు భయపడి కాదు. అది నాకు కనపడదు కాబట్టి. ఈ మాట ఇంతకు ముందు నా పెండ్లానికి కూడా చెప్పలేదు.

"నాకు తెలీదమ్మా" అన్నా.

ఊరంతా వింటాండాది. పుట్టి బుద్ధెరిగినాక ఏ జ్యోతిష్యుడూ అంతమంది ముందర ఆ మాట అనుండడు. ఇంక నా దుకాణం మూతబడినట్టే అని తెలిసి కూడా అన్నా. "మీ ఆయప్ప వస్తాడో రాడో నాకు తెలీదు. నిన్న ఆ కాగితంలో అద్దాలు లేక నాకు నక్షత్రం కూడా సరిగ్గా కనపడలేదు. డాక్టర్లకు కొంచెం తెలుసు. వాళ్లు రమ్మన్నారు. పోండి."

ఓబన్న నా మొహంలోకి మొహం పెట్టి చూసినాడు. చూసి చూసి, కట్ట మీద చతికిలబడి నవ్వడం మొదలుపెట్టినాడు. కండ్లలో నీళ్లు కారేదాకా నవ్వినాడు.

"ఈయప్పకు నిజంగానే తెలీదే" అన్నాడు పెండ్లాంతో. "చెడు దాచేవాడైతే మంచి చెప్పిపోతాడు కదా. నువ్వు దీపం పెట్టినా మంచి కూడా చెప్పలేదు చూడు. మూట కట్టు."

ఆ తర్వాత నా పక్కకు తిరిగి, ఈ మాట నిన్ననే చెప్పింటే ఫొటో ఖర్చన్నా మిగులు కదా సామీ అన్నాడు. ఊరంతా ఒక్కసారి నవ్వింది. లచ్చుమమ్మ మాత్రం నవ్వలేదు. దీపం తీసుకుని లోపలికి పోతూ కొంగుతో కండ్లు తుడుచుకునింది. చిన్నప్ప తలొంచుకుని నిలబడుండాడు. అన్నా, పైపు మళ్లా నీ పక్కకు తిప్పేద్దునా అని అడిగినాడు. సచ్చేవాడు ఇచ్చింది వేరే, బతికేవాడు ఇచ్చేది వేరే కదా.

"ఉండనీరా" అన్నాడు ఓబన్న. "నీ చెట్లు నోరు తెరుచుకోనుండాయి. నేనొచ్చినాక వంతులేసుకుందాము."

నిజం చెప్తాండా, నేనైతే ఆ నిమిషమే పోయి పైపు లాక్కుందును. సచ్చిపోతానని నీళ్లిచ్చేది గొప్పే. బతుకుతానని తెలిసినాక కూడా ఇవ్వడముందే, అది నేను ఏ జాతకంలోనూ చూడలేదు. రేడియో మాత్రం వెనక్కి తీసుకున్నాడు, అది వేరే సంగతి.

తెల్లవారి బస్సుకు అన్నదమ్ములిద్దరూ బెంగుళూరికి పోయినారు. చిన్నప్పే ఆస్పత్రిలో కాపలా ఉన్నాడు. ఆపరేషన్ అయ్యేదాకా నాకు అన్నం సయించలేదు, మైల పది దినాలూ ఫోను పక్కనే కూర్చున్నా. నాకు తెలీదనే సంగతి నాకు బాగా తెలుసు కదా, అందుకే అంత భయం. ఆఖరికి చిన్నప్ప ఫోన్ చేసి, మా అన్న లేచి కూర్చుని రాగిజావ తాగినాడు సామీ అన్నప్పుడు, నడవాలో ఒక్కన్నే కూర్చుని ఏడ్చినా.

మైల తీరినాక షట్టర్ ఎత్తాలంటే మొహం చెల్లలేదు. తెలీదని ఊరి ముందర ఒప్పుకున్న జ్యోతిష్యుని దగ్గరికి ఎవరొస్తారు, పక్క సందు కంప్యూటర్ దగ్గర నేనే ఉద్యోగం అడుక్కోవాల అనుకున్నా. ఎత్తితే సందు మలుపు దాకా జనమప్పా! ఓబన్న ఊరోళ్లు, పక్క ఊర్లోళ్లు, ముందర ఆ ముసలమ్మ. ఓబన్న ప్రాణం లేచొచ్చింది అయ్యవారు తెలీదన్నందుకేనంట, ఆ మాటకు అంత బలముండాదంట. ముసలమ్మ కూర్చుని, జాతకం వద్దు గీతకం వద్దు సామీ, మా కోడలికి కాన్పు దినాలు, ఓబన్నకు చెప్పినట్టే మాకూ ఒకసారి తెలీదని చెప్పండి, పోతాము అనింది.

డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపో తల్లీ, నాకు తెలీదు అన్నా. చేతులెత్తి దండం పెట్టి, సంతోషంగా పోయింది.

పంచాంగాలు, చక్రాలు, గురువుల దగ్గర నేర్చుకున్న చదువంతా బీరువాలో పెట్టి, ఇప్పుడు పొద్దుగుంకులూ తెలీదు తెలీదని చెప్పి బతుకుతాండానప్పా. అది కూడా తేలిగ్గా లేదు. కండ్లు మూసుకుని, కొంచేపు వేళ్లు లెక్కపెట్టినట్టు చేసి చెప్పాల. కూర్చోంగానే చెప్పేస్తే, ఈయప్పకు ఏం తెలీదని లేచిపోతాండారు.